నడుస్తున్నాడు కాబట్టి ‘ఫిట్’ అట!

పక్షవాతం వచ్చి లేచిన కార్మికుడిని డాక్టరు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిపించి, ‘నడుస్తున్నాడు, ఫిట్’ అని కాగితం మీద ముద్ర కొట్టి పంపే పద్ధతిని మేము ఖండిస్తున్నాము. ఆ ముద్ర వైద్యం కాదు. భత్యం ఆపడానికి దొరికిన సాకు. ముద్ర పడిన మరునాటి నుంచి ఈఎస్ఐ పైసా ఇవ్వదు, కార్ఖానా గేటు దగ్గర సేఠ్ మనిషి లోపలికి రానివ్వడు. ఈ ఇద్దరి మధ్య కాలు ఈడ్చుకుంటూ తిరిగేది మన కార్మికుడు.

మా సభ్యుడు ఒకాయన సంగతి చెబుతాము. పేరు రాయము, రాస్తే ఉన్న ఆశ కూడా పోతుంది. యాభై దాటిన మనిషి. వాళ్ల తాత కరీంనగర్ వైపు నుంచి నడుం మీద మూటతో షోలాపూర్ వచ్చినవాడు. ఈయన ఇరవై ఏళ్లకు పైగా చద్దర్ల సాంచాల మీద పని చేశాడు. రాత్రి పాళీలో ఒకనాడు తెగిన పోగు ముడి వేయబోతే కుడి చేతిలోంచి పోగు జారింది. మళ్లీ తీశాడు, మళ్లీ జారింది. మూతి ఒక పక్కకు లాగింది. జాబరు వచ్చి చూసి, ‘వేడికి కండ్లు తిరిగినయ్, చాయ్ తాగి జర కూసో’ అన్నాడు. కూర్చోబెట్టారు. పాళీ దిగేదాకా అక్కడే బస్తాల మీద కూర్చోబెట్టారు. మెదడు రక్తనాళంలో గడ్డ కడితే దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల పడాలి. ఆసుపత్రి చేరేసరికి ఆ వేళ దాటిపోయింది. జాబరు చెడ్డవాడని మేము అనము. మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడడం, ఈ మూడింటిలో ఏది హఠాత్తుగా కనిపించినా పరుగెత్తాలని అతనికి ఎవరూ చెప్పలేదు. సాంచా ఆగితే ఎవరికి చెప్పాలో మాత్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు.

ప్రాణం నిలిచింది. 91 రోజులు 70 శాతం పగారు వచ్చింది. ఆ మూడు నెలల్లో ఫిజియోథెరపీ పేరుతో జరిగింది ఏమిటి? వారానికి రెండు సార్లు, అదీ నడిపించే మనిషి ఉన్న రోజున, పది నిమిషాలు. బీడీలు చుట్టే భార్య ఆ రెండు రోజులూ పని మానుకుని, రిక్షా కిరాయి పెట్టి తీసుకుపోయింది. తర్వాత ‘ఫిట్’ కాగితం. పనిలో చేరిన నాలుగో రోజు, చేతిలో కండెల పెట్టెతో సాంచాల మధ్య సందులో పక్కకు తిరగబోయి పడ్డాడు. నడిచే సాంచా మీద పడలేదు. మంచి చేయి మణికట్టు విరిగింది. అంటే ఒక పక్క వాతం, రెండో పక్క కట్టు. యాజమాన్యం ‘నీవు పనికి ఫిట్ కావు’ అంది. దవాఖానా ‘మేము ఫిట్ ఇచ్చేశాము’ అంది. రెండు నెలలు ఇద్దరిలో ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. వదిన మా ఆఫీసుకు వచ్చి ఒకే ఒక మాట అడిగింది: ‘నడుస్తున్నడు అంటున్రు గదా, మరి పడ్డడెందుకు?’

ఆ ప్రశ్నకు జవాబు వెతకబోతేనే ఈ వ్యాసం తయారైంది. జవాబు ఎవరూ చూడని చోట, ఆయన అడుగులలో ఉంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి నడుస్తున్నప్పుడు ఒక్కొక్క కాలు ఒక పూర్తి చుట్టులో దాదాపు 60 వంతుల కాలం నేల మీద, 40 వంతులు గాలిలో ఉంటుంది. రెండు కాళ్లకూ ఇదే లెక్క. కళ్లు మూసుకుని వింటే బాగున్న సాంచా చప్పుడు లాగా సమానంగా వినబడుతుంది. వాతం కొట్టిన మనిషి నడక విన్నారా? టక్... టటక్. టక్... టటక్. బలం లేని కాలు మీద ఒళ్లు ఆనదు కాబట్టి ఆ కాలు నేల మీద తక్కువసేపు ఉంటుంది. భారమంతా మంచి కాలు ఎక్కువసేపు మోస్తుంది. పడిపోయిన కాలు పాదం పైకి లేవదు, వేళ్లు నేలను రాచుకుంటాయి. రాచుకోకుండా ఉండడానికి మనిషి తుంటిని ఎగదోసి, కాలిని కొడవలి తిప్పినట్టు పక్క నుంచి చుట్టి తెస్తాడు. మోకాలు వెనక్కి విరిగినట్టు బిగుసుకుంటుంది. చెప్పు జారిపోతుంది, జారిన సంగతి కూడా కొందరికి తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా ఒక కాలి చెప్పు ఊరికే ఊరికే జారిపోతుంటే దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పడిపోయిన కాలు చిన్న అడుగు వేస్తుందని అందరూ అనుకుంటారు. చాలామందిలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. పడిపోయిన కాలు పెద్ద అడుగు వేస్తుంది, మంచి కాలు వేసేది చిన్న అడుగు. కారణం ఆలోచిస్తే మనకే తట్టాలి. మంచి కాలు ముందుకు వెళ్లాలంటే ఆ కొద్దిసేపూ ఒళ్లంతా పడిపోయిన కాలు మోయాలి, మడమ నుంచి ఒళ్లును ముందుకు నెట్టాలి. పిక్కలో ఆ తోపు లేదు. అందుకని మంచి కాలు గాభరాగా, దగ్గరలోనే దిగిపోతుంది. గది మధ్యలో కుర్చీలో కూర్చుని ‘జబ్బు కాలు’నే చూసే డాక్టరుకు అది పెద్ద పెద్ద అడుగులు వేస్తున్నట్టు కనిపిస్తుంది, ‘బాగానే వేస్తున్నావే’ అంటాడు. మన జాబరుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. నాడె కుడి పెట్టెలోకి సరిగ్గా చేరకపోతే జాబరు కుడి పెట్టెను మాత్రమే చూసి ఊరుకోడు, ఎడమ పక్క దెబ్బలో బలం తగ్గిందేమో చూస్తాడు. తప్పు ఒక పక్క ఉంటుంది, కనిపించేది ఇంకో పక్క. ఇనప సాంచాకు ఇచ్చే ఈ పాటి శ్రద్ధ మనిషి కాలికి ఇవ్వరా?

ఇలా ఎగుడు దిగుడుగా నడిస్తే ఏమవుతుంది? మొదట, అదే దూరానికి ఎక్కువ శ్రమ పడుతుంది. బజారుకు వెళ్లొచ్చేసరికి చెమటలు పట్టి కూలబడే మనిషిని చూసి ‘సోమరి అయ్యాడు’ అంటారు. ఆయన ఒళ్లు మనకంటే ఎక్కువ కష్టపడి ఆ దూరం నడిచిందని గ్రహించరు. తర్వాత, మంచి కాలు మోకాలూ నడుమూ నొప్పులు పెడతాయి. బరువు పడని కాలి ఎముక క్షీణిస్తుంది. అలాంటి మనిషి పడితే తుంటి విరగడం ఖాయం కాకపోయినా ఎక్కువ. తుంటి విరిగి మంచం పట్టిన వాళ్లు మన వాడల్లో ఎంతమంది లేరు!

ఇప్పుడు సాంచాల సందు చూడండి. దవాఖానా గదిలో నేల నున్నగా ఉంటుంది, గాలి వస్తుంది, నిశ్శబ్దం ఉంటుంది, తిన్నగా నడవమంటారు. సందులో రెండు పక్కలా ఊగే పట్టీలు, కింద నూనె మరకలు, దూది పొట్టు, పక్కవాడి మాట వినబడనంత చప్పుడు. తిన్నగా నడిచేది ఎక్కడ? నాలుగడుగులు, ఒక మలుపు. వంగడం, ముడి వేయడం, లేవడం, మళ్లీ మలుపు. కళ్లు గుడ్డ మీద ఉండాలి, కాళ్లను చూసుకోవడానికి లేదు. వాతం నుంచి లేచినవాడు నడిచేదే కాళ్లను చూసుకుంటూ! పడేది మలుపు దగ్గరే, చేతిలో బరువు ఉన్నప్పుడే, ఎవరో పిలిస్తే తల తిప్పినప్పుడే. వీటిలో ఏ ఒక్కటీ ఆ గదిలో పరీక్షించలేదు. ఇల్లయినా అంతే. ఖోలీ నుంచి సామూహిక పాయఖానాకు పోవాలి, కింద కూర్చుని లేవాలి. ఇవన్నీ వదిలేసి నాలుగు గజాల నున్నటి గచ్చు మీద మనిషి భవిష్యత్తు తేలుస్తారా?

కొలత లేదా అంటే ఉంది. ఖర్చు కూడా లేదు. పది మీటర్లు సుద్దతో గీసి, ముందొక రెండు మీటర్లు, వెనకొక రెండు మీటర్లు వదిలి, మధ్యలో పది మీటర్లకు గడియారం పట్టుకుంటే చాలు. సెకనుకు 0.4 మీటరు కంటే తక్కువైతే, అంటే పది మీటర్లకు 25 సెకన్లు దాటితే, ఆ మనిషి ఇంటి నాలుగు గోడల మధ్య నడిచేవాడు. 0.8 దాటితే, అంటే పన్నెండున్నర సెకన్ల లోపు వస్తే, బజారులో తిరగగలిగినవాడు. 1995 నుంచీ ఫిజియోథెరపిస్టులు ఈ లెక్క వాడుతున్నారు. ఆ లెక్క కూడా బజారు దాకే, రాత్రి పాళీలో సాంచాల సందుకు కాదు. మా సభ్యుడి ‘ఫిట్’ కాగితం మీద ఈ అంకె ఒక్కటైనా ఉందా? లేదు. వయస్సు, రక్తపోటు, సంతకం. అంతే.

ఈ మాట ఎత్తితే మాకు మూడు రకాల జవాబులు వచ్చాయి. మొదటిది: ‘మూడు నెలలు దాటితే ఇక బాగుపడదు, వచ్చినంతే.’ మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజం. ఆ నిజాన్ని పట్టుకుని వాళ్లు చేసిందేమిటి? ఆ విలువైన మూడు నెలల్లో వారానికి ఇరవై నిమిషాలు ఇచ్చి, గడువు దాటగానే గడువు దాటిందన్నారు. పైగా తర్వాత ఏమీ రాదన్నది తప్పు. అమెరికాలో 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పక్షవాతం వచ్చి నెలలు, ఏళ్లు గడిచిన వాళ్లను రెండు పట్టీలు వేర్వేరు వేగాలతో తిరిగే నడక యంత్రం మీద నడిపించారు. అడుగులలో తేడా తగ్గే బదులు మొదట ఇంకా పెరిగేలా వేగాలు పెట్టారు. తర్వాత రెండు పట్టీలనూ ఒకే వేగానికి తేగానే ఎగుడు దిగుడుగా నడిచే మనుషులు కాసేపు సమానంగా నడిచారు. కాసేపే, అది దాచము. కానీ సమానంగా నడవడం ఆ మెదడు మరిచిపోలేదని, ఇంకా నేర్చుకోగలదని అర్థం కాలేదా?

రెండవ జవాబు: ‘అలాంటి యంత్రాలకు లక్షలు కావాలి, మన దగ్గర ఎక్కడివి?’ యంత్రం మాకు అక్కరలేదు. 2011లో అమెరికాలోనే 408 మంది మీద పెద్ద పరీక్ష జరిగింది. కొందరిని బెల్టులతో ఒళ్లు పట్టి ఉంచే నడక యంత్రం మీద నడిపించారు, ఇంకొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి బలం, నిలకడ పెంచే వ్యాయామాలు చేయించాడు. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా ఒకటే ఫలితం. మొత్తం మీద 52 శాతం మంది నడకలో ఒక మెట్టు పైకి ఎక్కారు. ఖరీదైన యంత్రం మామూలు ఫిజియోథెరపిస్టును ఓడించలేదు. అయితే ఆ ఫిజియోథెరపిస్టు ఎంతసేపు పని చేశాడో కూడా చెప్పాలి: ఒక్కొక్కరికి 36 సార్లు, ఒక్కొక్కసారి తొంభై నిమిషాలు. మనకు దొరికింది పది నిమిషాలు. లోపం డబ్బులో లేదు, మనిషిని నియమించకపోవడంలో ఉంది.

మూడవ జవాబు వినడానికి తియ్యగా ఉంటుంది, అదే అన్నిటికంటే ప్రమాదం: ‘ఇంట్లో వాళ్లకు నేర్పిస్తాం, వాళ్లే చేయిస్తారు.’ మన భారతదేశంలోనే 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులతో ఇది చేసి చూశారు, 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇంటి మనిషికి శిక్షణ ఇచ్చి చేయిస్తే ఆరు నెలల తర్వాత చావుల్లోగానీ, పరాధీనతలోగానీ మామూలు వైద్యానికి మించిన లాభం కనబడలేదు. ఇంటివాళ్ల ప్రేమ తక్కువైందని కాదు, అది వృత్తి తెలిసినవాడి పని. సాంచా చెడితే మీ ఆవిడకు నేర్పిస్తా, ఆమెతో బాగు చేయించుకో అని ఏ సేఠైనా అంటాడా? పైగా బీడీల బుట్ట ముందు పది గంటలు కూర్చునే స్త్రీ నెత్తిన ఈ భారం కూడా పెట్టి దాన్ని పథకం అంటారు.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకుంటాము. ప్రతి వంకర నడకనూ తిన్నగా చేయాలన్నది మా వాదన కాదు. కొందరు ఎగుడు దిగుడుగానే చురుకుగా, పడకుండా నడుస్తారు, వాళ్లను అందంగా నడవమని వేధించడం అనవసరం. మడమ దగ్గర పాదాన్ని ఎత్తి పట్టే ప్లాస్టిక్ పట్టీ, వెనక బిగింపు ఉన్న చెప్పు, సరైన ఎత్తు కర్ర, వీటితోనే ఎంతో మందికి పని గడుస్తుంది. ఎవరికి ఏది కావాలో చూసి చెప్పే మనిషి కావాలన్నదే మా వాదన.

ఇక హక్కుల సంగతి. మన పగారులో 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం ఈఎస్ఐకి పోతున్నది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త సామాజిక భద్రత కోడ్ వచ్చి పాత చట్టం పేరు మారింది, కోత మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. 91 రోజుల మామూలు భత్యం అయిపోతే అంతా అయిపోయినట్టు దవాఖానా గుమాస్తాలు చెబుతారు. అబద్ధం. 34 దీర్ఘకాలిక జబ్బులకు రెండేళ్ల వరకు 80 శాతం పగారుతో పొడిగించిన భత్యం ఉంది. ఒళ్లు ఒక పక్క పూర్తిగా పడిపోవడమూ ఆ జాబితాలో ఉంది, ఒక పక్క బలం తగ్గడమూ ఉంది. రెండవ మాటను గట్టిగా పట్టుకోండి. ‘నడుస్తున్నాడు కాబట్టి పక్షవాతం తగ్గింది’ అన్నవాడికి అదే జవాబు. మా సభ్యుడికి ఈ భత్యం ఉందని ఆసుపత్రిలో ఒక్కరు చెప్పలేదు, అడిగితే ఫారం అయిపోయిందన్నారు.

అయితే దానికి రెండేళ్ల అఖండ సర్వీసు, నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా కావాలి. ఇక్కడే యాజమాన్యాల తెలివి బయటపడుతుంది. ఆరు నెలలకోసారి మస్టరు నుంచి పేరు తీసి మళ్లీ రాసేది ఎందుకు? ఒకే షెడ్డును భార్య పేర, బావమరిది పేర ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కలో తొమ్మిది మందినే చూపించేది ఎందుకు? పది మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది కాబట్టి. ఏళ్ల తరబడి బదిలీగానే పని చేసిన మనిషికి వాతం వచ్చిన రోజున తెలుస్తుంది, చట్టం దృష్టిలో తాను ఆ కార్ఖానాలో ఎప్పుడూ లేనేలేడని.

2016 వికలాంగుల హక్కుల చట్టం చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. ఉద్యోగంలో ఉండగా వికలాంగుడైతే తీసివేయకూడదు, చేయగలిగిన వేరే పని అదే పగారుతో ఇవ్వాలి అని 20వ సెక్షన్‌లో రాశారు. ఎవరికి? ప్రభుత్వ సంస్థల వాళ్లకు. ప్రభుత్వ ఆఫీసులో ఫైలు మోసే మనిషి కాలు కాలే, సాంచా నడిపే మనిషి కాలు కట్టెపుల్లా? 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ మాత్రం జబ్బు భత్యం తీసుకుంటున్న కాలంలో కార్మికుడిని తొలగించకూడదని రాసింది. అందుకే యాజమాన్యాలకు ‘ఫిట్’ కాగితం మీద అంత ప్రేమ. భత్యం ఆగిన క్షణం నుంచి ఆ రక్షణా ఆగుతుంది. ఇంకొకటి, పక్షవాతంతో పని పోయినవాడికి గ్రాట్యుటీ కోసం ఐదేళ్లు నిండాలన్న షరతు లేదు, 1972 చట్టం నుంచీ ఇది ఉంది. ‘ఐదేళ్లు కాలేదు కదా’ అన్న మాట విని తిరిగి వచ్చినవాళ్లు మళ్లీ వెళ్లి అడగాలి.

మనవాళ్లనూ రెండు మాటలు అనక తప్పదు. పావురం రక్తం రాస్తే కాలు వస్తుందని, ఎక్కడో పసరు తాగితే లేచి పరుగెత్తుతాడని మొదటి నెలంతా బస్సుల్లో తిప్పేది మనమే. రక్తపోటు మాత్రలు ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని మానేసేదీ, రాత్రి పాళీ నిద్ర ఆపుకోవడానికి గుట్కా దవడలో పెట్టేదీ మనమే. తిరిగి పనిలోకి వచ్చినవాడికి ‘లక్వా మామ’ అని పేరు పెట్టి నవ్వేది సేఠ్ కాదు. కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడి ఆయన పడితే అందులో మన నవ్వు వాటా కూడా ఉంది.

ఈఎస్ఐ అధికారులకు ఇచ్చిన వినతిపత్రంలో మేము కోరింది పెద్దది కాదు. పక్షవాతం నుంచి లేచిన కార్మికుడికి ‘ఫిట్’ ఇచ్చే ముందు నడక వేగం, మలుపు, బరువుతో నడక, కింద కూర్చుని లేవడం చూసి ఆ అంకెలు కాగితం మీద రాయాలి. మన వాడ దవాఖానాలో రోజూ కూర్చునే ఫిజియోథెరపిస్టు ఉండాలి. ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అనే రెండు మాటలే కాక ‘తేలిక పనికి’ అనే మూడవ మాట ఉండాలి. కార్ఖానాలో తేలిక పని లేదనడం అబద్ధం. కండెలు చుట్టడం, గుడ్డ చూడడం, మడత బల్ల, లెక్క రాయడం, ఇవన్నీ ఎవరో ఒకరు చేస్తున్నవే కదా. అవి సేఠ్ బంధువులకు పోతున్నాయి. మా సభ్యుడి ఎడమ చేతి కట్టు విప్పారు, పొడిగించిన భత్యం కోసం మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టించాము. ఇది రాసే నాటికి జవాబు రాలేదు.

వచ్చే పగారు రోజు సాయంత్రం యూనియన్ ఆఫీసు ముందు సుద్దతో పది మీటర్లు గీసి ఉంచుతాము. మీ ఇంట్లో, మీ వాడలో వాతం నుంచి లేచినవాళ్లు ఉంటే తీసుకురండి. గడియారం మేము పట్టుకుంటాము. ‘ఫిట్’ కాగితం, ఈఎస్ఐ కార్డు, పాత పగారు చిట్టీలు వెంట తెండి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి వేసుకురమ్మనండి, రోడ్డు అవతల కాలువ పని ఇంకా పూర్తి కాలేదు.